పది నిమిషాల టీచరమ్మ

మా టైపు టీచరమ్మ మొన్న బుధవారం పొద్దున పోయింది. గుండె ఆగిందట. రెండు రోజుల సంది ఆయాసమని, ఎడమ చెయ్యి గుంజుతుందని చెప్తనే ఉంది. "నీకెప్పుడూ ఉండేదే కదక్కా" అన్నడట ఆమె తమ్ముడు. ఎప్పుడూ ఉండేదట! నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమొచ్చింది. ఇంకా దిగలే.

అశోక్‌నగర్ గల్లీల కింద నా జిరాక్స్ దుకాణం, మీద ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్. నేను కూడా నేర్వబోయి లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పిన. "వేళ్ల కన్నా నీ నోటికే స్పీడెక్కువయ్యా" అన్నది.

ఐదేండ్ల కింద ఆమెకు జ్వరమొచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి పోయింది. ఓపిక కూడా దాని వెంటనే పోయింది. చిక్కడపల్లి మార్కెట్‌కు నడిచిపోయి కూరగాయలు తెస్తే మూడు రోజులు మంచం. రక్తం తీసి చూసిండ్రు, అంతా మంచిగనే ఉందన్నరు. ఒక డాక్టరైతే "మనసు బాగలేదంతే, రోజూ మైలు నడువు" అన్నడు. నడిచింది పాపం, నెల రోజులు లేవలే. నెత్తిన ఉప్పుబస్తా పెట్టి ఆయన్ను ఎండల మైలు నడిపియ్యాలని నాకు ఇప్పటికీ ఉంది.

చివరికి నారాయణగూడల ఒక ముసలి డాక్టరు నమ్మిండు. "ఏదో వైరస్ వచ్చిపోయి ఉంటదమ్మా. అది పోయినా కొందరికి బలం తిరిగి రాదు. ఎందుకో మాకూ సరిగ్గా తెలియదు. మందు లేదు. అలసట రాకముందే ఆపు. బాగున్న రోజు ఇంకా భద్రంగా ఉండు."

టైపు స్పీడు పరీక్ష పది నిమిషాలు. బెల్లు కొడితే మాట నడుమ ఉన్నా చేతులు తియ్యాలె. టీచరమ్మ బతుకంతా అట్లనే పెట్టుకున్నది. అలారం పెట్టి పది నిమిషాలు బెండకాయలు తరుగుడు, మోగంగనే కత్తిపీట పక్కకు నూకి చాప మీద ఒరుగుడు. సగం అల్లిన జడతోనే క్లాసు చెప్పేది. గల్లీ అంతా నవ్వేది. పది నిమిషాల టీచరమ్మ అని పేరు పెట్టింది నేనే.

ఒకరోజు తమాషాకు ఆ అలారం గంటకు దూది కుక్కిన. ఆనాడు ఆమె మస్తు హుషారుగున్నది. బీరువా సర్దింది, మిషన్లు తుడిచింది, గంటన్నర! "చూస్తివా టీచరమ్మా, అంతా మనసులనే ఉంటది" అని చప్పట్లు కొట్టిన. ఆమె కూడా నవ్వింది. తెల్లారి కూడా బాగనే ఉన్నది. మూడోనాడు గోడ పట్టుకున్నా లేవలే. ఇరవై రోజులు చెంచాతో గంజి.

పోయి ఒప్పుకున్న. కండ్లు తెరవకుండనే అన్నది: "ఆ రోజు బాగానే ఉంటుందయ్యా. దొంగ వెళ్ళిపోయిన మూడోనాడు గానీ ఇల్లు ఖాళీ అయిందని తెలీదు." తిట్టలే. తిడితే బాగుండు.

అప్పటి సంది ఆమె తరఫున కొట్లాట నాది. "మా అక్కకి చిన్నప్పట్నుంచీ బద్ధకమండీ" అన్నడు తమ్ముడు ఒకనాడు. "బద్ధకం గలోళ్లు పది నిమిషాలకోసారి లేస్తరా సార్? ఒక్కటే పండుడు పంటరు" అన్న.

అంత తెలిసినోణ్ణి గదా! సోమవారం మెట్ల మీద నన్ను ఆపి, "ఇది ఆ అలసట కాదయ్యా, వేరేగా ఉంది" అన్నది. నేనేమన్ననో తెలుసా? "పండుకో టీచరమ్మా, అదే తగ్గుతది." తమ్ముణ్ణి తిట్టే నోరు నాకేడిది?

శ్మశానం ముందట దింపుడు కళ్లం కాడ పాడె దించిండ్రు. పోయినోళ్లను ఆఖరుసారి పిలిచి చూసే జాగా అది. తమ్ముడు వంగి మూడుసార్లు ఆమె చెవిల పిలిచిండు. "అక్కా... అక్కా... లే అక్కా."

మోసినోళ్లల్ల ఒకడు, మంచి గట్టి మనిషి, గోడకు ఆనుకొని కూలబడ్డడు. "జర ఆగుదామన్నా, దమ్మొస్తలేదు." అందరం ఆగినం. వాణ్ణి ఎవ్వరూ ఒక్క మాటనలే. ఎవరో నీళ్లు తెచ్చిచ్చిండ్రు. వాడు మెల్లగ తాగుతుండు. ఎండల పాడె, చుట్టూ మేమంతా చేతులు కట్టుకొని, వాని ఆయాసం తగ్గేదాక.