మడతలో దాగిన వేడి

2023 వానాకాలం, హైదరాబాద్. క్యాంపస్‌లో మా ల్యాబ్ ఒక పాత భవనం కింది అంతస్తులో ఉండేది. మొక్కల నారలను వేడి చేసి, అవి ఎక్కడ, ఎలా విరిగిపోతాయో చూడటం నా పని. జనుము, గోగు, పత్తి, కొబ్బరి పీచు, ఏది తెచ్చినా చిటికెడు తీసుకుని టీజీఏ అనే యంత్రంలో పెడతాను. చిన్న కొలిమిలో వేలాడే సున్నితమైన తూకం అనుకోండి. వేడి పెరిగేకొద్దీ ముందు తేమ పోయి బరువు తగ్గుతుంది. తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. మూడు వందల డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి నార విరిగి పొగై పోతుంది, కాస్త బొగ్గు మిగులుతుంది. ఆ గీతనే ఏళ్ల తరబడి చూసి చూసి నాకు ఆశ్చర్యపోవడం అలవాటు తప్పింది.

తార్నాకలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే నర్సింగరావు ఒకరోజు క్యారీబ్యాగుతో ల్యాబ్‌కు వచ్చాడు. మా వీధి చివర అతనికి మసాజ్ సెంటర్ ఉంది. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు ఉన్నవాళ్లకు నువ్వుల నూనెతో మర్దన చేస్తారు. ఆ ముందు వారం సెంటర్ మూసి అందరూ వెళ్లిపోయాక తువ్వాళ్ల బీరువా కాలిపోయింది. పక్క షాపువాళ్లు పొగ చూసి తాళం పగలగొట్టబట్టి మిగతా గదులు దక్కాయి.

"అక్కా, ఈ తువ్వాల మీద మైనం ఉన్నదో లేదో చెప్పు చాలు. మిగతాది పోలీసోళ్లు చూస్కుంటరు," అన్నాడు, సగం కాలిన తువ్వాలు బల్ల మీద పెట్టి.

"మైనం ఎందుకు?"

"సలోమి రోజూ కొవ్వొత్తి ముట్టిస్తది. ఆర్పకుంట పోయింది. ఆ బీరువా దగ్గర వైరింగే లేదు. ఇంక నిప్పు ఎట్లొస్తది?"

సలోమి అతని దగ్గర పనిచేసే మనిషి. లాలాగూడ నుంచి వస్తుంది. నా భుజం పట్టేసినప్పుడు ఆమె చేతులే నన్ను మళ్లీ మామూలు మనిషిని చేశాయి. మర్నాడు పొద్దున్నే మా ఇంటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ముందటి గదిల ముట్టిస్త మేడం. ప్రార్థన కాంగనే ఆర్పేస్త. బీరువా కాడికి నిప్పు తీస్కపోలే. కేసైతే నన్ను ఎవ్వరు పనికి పెట్టుకోరు."

ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. జాలేసింది, కానీ నమ్మకం కలగలేదు. నిప్పు తగలకుండా నూలు గుడ్డ అంటుకోదన్నది నా లెక్క కూడా.

తువ్వాలు మీద మైనం దొరకలేదు. అయితే మైనం పూర్తిగా కాలిపోయి కూడా ఉండొచ్చు, దానితో ఏదీ తేలదు. వచ్చిన పని సగంలో వదిలేయడం నాకు చేతకాదు. సెంటర్‌లో కాలకుండా మిగిలిన ఉతికిన తువ్వాలు ఒకటి తెప్పించి, అందులోంచి నాలుగు పోగులు లాగి యంత్రంలో పెట్టాను. పక్కన పోల్చడానికి కొత్త తువ్వాలు పోగులు. కొత్తవి నాకు తెలిసిన గీతే గీశాయి. సెంటర్‌వి మాత్రం, నార విరగాల్సిన వేడిలో సగం దగ్గరే బరువు పెరిగాయి.

వేడి చేస్తే బరువు తగ్గాలి. పెరగడమేంటి? యంత్రం పాడైందనుకున్నాను. ఆపి, తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ పెరిగింది. ఆ పోగులు గాలిలోంచి ఏదో తీసుకుంటున్నాయి. ఎంత ఉతికినా నువ్వుల నూనె కొంత నూలులోనే ఉండిపోయింది. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటోంది, పట్టుకుంటూ తనంతట తాను వేడి పుట్టిస్తోంది. గుడ్డ ఆరేసి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. పోయే దారి లేకపోతే?

సలోమిని పిలిపించి, తువ్వాళ్లు ఎలా పెడతావని అడిగాను.

"వానలకు ఆరుతలేవని సార్ డ్రయ్యర్ తెచ్చిండు మేడం. అండ్లకెల్లి తీసి వేడివేడిగనే మడతపెడ్త. అన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి దుప్పట్ల చుట్టి బీరువాల పెడ్త, రొట్టెలు గుడ్డల చుట్టి పెట్టినట్టు."

"అలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే. ముసలోళ్లు వస్తరు గద, వానకు వణుక్కుంట. జర వెచ్చగ ఉండాలెనని."

ల్యాబ్ వెనక సిమెంటు నేల మీద అదే చేసి చూశాం. సెంటర్‌లో మిగిలిన తువ్వాళ్లను ఓవెన్‌లో వేడి చేసి ఇస్తే, సలోమి తన పద్ధతిలోనే మడిచి దుప్పటి చుట్టింది. మధ్య మడతలోకి థర్మోకపుల్ దూర్చాను. అది లోపలి వేడిని బయటికి చెప్పే సన్నటి తీగ. పక్కనే కొత్త తువ్వాళ్ల మూట కూడా పెట్టాం. మంటలార్పే సిలిండర్‌తో వాచ్‌మన్ నిలబడ్డాడు.

"ఏందక్కా, తువ్వాళ్లకు జ్వరం చూస్తున్నవా?" అని నర్సింగరావు నవ్వాడు.

కొత్త తువ్వాళ్ల మూట బుద్ధిగా చల్లారింది. రెండోది కాస్త తగ్గి, ఆగి, మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ ముట్టించలేదు. మధ్యాహ్నం దాటేసరికి నర్సింగరావు నవ్వు పోయింది. మాడిన నూనె వాసన వచ్చింది, తర్వాత దుప్పటి సందులోంచి సన్నగా పొగ. పొడవాటి పట్టకారుతో విప్పాను. పై తువ్వాలు తెల్లగానే ఉంది. దాని కిందిది పసుపు, ఆ కిందిది గోధుమరంగు, ఇంకా కిందిది నలుపు. నడిమి మడతకు గాలి తగలగానే ఎర్రగా కణకణలాడింది. ఎవరూ చెప్పకుండానే వాచ్‌మన్ సిలిండర్ నొక్కాడు.

నర్సింగరావు సలోమి వైపు తిరిగాడు. "రేపు స్టేషన్‌కు పోదామనుకున్న. తప్పైంది బిడ్డా," అన్నాడు.

సలోమి అతని వైపు చూడనే లేదు. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె గబగబా సంచిలో ఫోన్ కోసం వెతుకుతోంది.

"మా చెల్లె గోల్నాకల గిసొంటి సెంటర్లనే చేస్తది మేడం. గిట్ల చుట్టుడు నేనే నేర్పిన."

ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "రూతూ, పొద్దుగాల చుట్టిన మూట ఏడున్నది? చెయ్యి పెట్టి చూడు."

"మంచిగ వెచ్చగున్నదక్కా. ఏమైంది?"

"లోపటికి పెట్టు."

దుప్పటి కదిపిన చప్పుడు వినిపించింది. "అక్కా, చెయ్యి పెట్టనిస్తలేదు."

ఫోన్ లాక్కున్నాను. "విప్పకమ్మా. దుప్పటితో సహా బయటికి లాగి నీళ్లు పొయ్యి. లోపల ఎవరైనా ఉంటే బయటికి పంపించు," అన్నాను. బకెట్ చప్పుడు, ఎవరో అరవడం, నీళ్లు పడగానే చుయ్యిమన్న శబ్దం మా నలుగురికీ వినిపించాయి. మూట ఉన్న గది పక్కనే ఇద్దరు పెద్దవాళ్లు మర్దన తర్వాత కునుకు తీస్తున్నారట. ఆ మాట విని సలోమి సిమెంటు నేల మీదే మోకాళ్లూని కూర్చుంది.

నా యంత్రంలో వేడి పెట్టేదీ నేనే, ఆపేదీ నేనే. అందుకేనేమో, వేడి తనంతట తాను పుడుతుందని చదివి ఉండి కూడా నాకు తట్టలేదు. ఇప్పుడు ఏది కాలిందని తెచ్చినా, నిప్పు ఎవరు పెట్టారని ముందు అడగను. ఎలా మడిచారు, ఎక్కడ దాచారు అని అడుగుతాను.

సలోమి మళ్లీ ఆ సెంటర్‌లోనే చేస్తోంది. తువ్వాళ్లు ఫ్యాన్ కింద తీగ మీద వేలాడుతుంటాయి. మొన్న మళ్లీ భుజం పట్టేసి నేను మర్దనకు వెళ్తే, నా పక్క బల్ల మీది ముసలావిడ, తువ్వాలు ఇంత చల్లగా ఉందేమని విసుక్కుంది.

"చల్లగనే ఉండాలె పెద్దమ్మా," అంది సలోమి, తన రెండు అరచేతులు గట్టిగా రుద్దుకుని ఆవిడ మోకాళ్ల మీద పెడుతూ.