అంబాసిడర్ కింద అక్షరం

దయానందం ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల పొట్టలకు రంగులేశాడు. రేవుకు మరమ్మతుకొచ్చిన ఓడ కింద దూరి, ఉప్పునీరు తిన్న ఇనుమును గీకి, పూత పూసి, సూదిమొన పట్టే సందు కూడా వదలకుండా మూసేవాడు. యార్డులో ఓ ఆనవాయితీ ఉండేది: ఎవడు పూసిన చోట వాడి అక్షరం వేయాలి. మళ్ళీ తుప్పొస్తే పనివాడెవడో తెలిసిపోతుంది. 'ద' ఉన్నచోట తుప్పు రాలేదు. ఆ మాట తనంతట తను చెప్పుకోడు గానీ, ఎవరైనా అంటే కాదనడు.

రిటైరయ్యాక పెందుర్తిలో ఇంటి పక్కనే షెడ్డు వేసి, పాత కార్ల అడుగుకు పూతలు వేస్తానన్నాడు. మొదటి బండి సీతమ్మధార డాక్టరు అచ్యుతరామయ్యగారి అంబాసిడర్. వాళ్ళ నాన్నగారు కొన్నది. సముద్రపు గాలి దాని అడుగు సగం తినేసింది.

"మిగిలిన సగం నీ చేతిలో పెడుతున్నా దయానందం" అన్నారాయన.

తొమ్మిది రోజులు గీకి, రుద్ది, పూతలేసి, చివర 'ద' రాసి పంపాడు.

వారానికి వానలు పట్టుకున్నాయి. శనివారం టీకొట్టు ముందు ఆగిన వ్యాను తలుపు అడుగు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతుంటే చూశాడు. చేతిలో టీ చల్లారిపోయింది. అంబాసిడర్ తలుపుల అడుగునా వరసగా చిన్న చిన్న బెజ్జాలుండేవి. తుప్పు కొరికినవనుకుని అన్నిటికీ పుట్టీ కుక్కేశాడు మహానుభావుడు! ఓడకు బెజ్జమంటే ప్రాణగండం. కారుకు అదే దిక్కు. అద్దాల సందుల్లోంచి దిగిన వాన అందులోంచే పోవాలి.

ఇక కాలు నిలవలేదు. ఫోన్ చేస్తే డాక్టరుగారు ఊళ్ళో లేరని, సోమవారం వస్తారని కాంపౌండరు చెప్పాడు. బండి ఆరుబయటే ఉందట, ఇంటి గేటుకు తాళమట. ఇంట్లో కూర్చుంటే రేకుల మీద వాన. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, దయానందం కళ్ళు తెరిచి కిటికీ అద్దం మీద జారే నీళ్ళనే చూశాడు. సిగ్గేసింది, భయమూ వేసింది.

భార్య దీనా ఈ అవస్థ చూడలేకపోయింది. "లోపలి తుప్పు మూడేళ్ళదాకా ఎవులికీ కనపడదు కదా. ఊరుకోరాదా?" అంది.

"కింద నా అచ్చరం ఉందే" అన్నాడు.

సోమవారం పొద్దున్నే స్క్రూడ్రైవరు, థిన్నరు డబ్బా పట్టుకుని బస్సెక్కాడు. డాక్టరుగారికి నమస్కారమైనా సరిగ్గా పెట్టకుండా గోనెపట్టా పరిచి బండి కింద దూరాడు. మొదటి బెజ్జం పొడవగానే నీళ్ళు గుండెల మీద పడ్డాయి. మొదట తేటగా, తర్వాత ఎర్రగా.

"లీకా దయానందం?"

"లీకవ్వాలి బాబూ. నాను మూసీసినాను. తప్పు నాదే."

డాక్టరుగారు నేల మీది ఎర్రనీళ్ళ వంక చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ కాస్తసేపూ దయానందం బండి కిందే ఉండిపోయాడు, బయటికొచ్చి ఆయన మొహం చూసే ధైర్యం లేక. ఆయన తిరిగొచ్చి, వంగి, కారు తాళాలు అందించారు. లోపలంతా ఆరబెట్టి మొదటి నుంచీ చేయమన్నారు.

దయానందం తాళాలు జేబులో వేసుకున్నాడు. గుడ్డకు థిన్నరు అద్ది, పూత మీది 'ద'ను తుడవడం మొదలుపెట్టాడు.

అదెందుకు చెరుపుతున్నావని డాక్టరుగారు అడిగారు.

"వొచ్చే వానలకి నిలబడితే, అప్పుడు రాత్తాను బాబూ" అన్నాడు.