శంషాబాద్‌కు గంటన్నర

“గంటన్నరే నాయినమ్మా! ముంబై నుంచి శంషాబాద్ ఆరువందల కిలోమీటర్లే. ఎక్కినట్లే ఉండదు, దిగుతవ్.”

“గాలిల గంటన్నర. నేల మీద ఎంతనే? ఈడికెల్లి ఏర్‌పోర్టుకు ట్రాఫిక్‌ల మూడు గంటలు. ఆడ రెండు గంటలు కూసోవాలె. శంషాబాద్‌ల దిగినంక సిరిసిల్లకు ఇంకో నాలుగు.”

“అయినా రాత్రి రెండు కాకముందే ఇంట్ల ఉంటవ్.”

“రెండింటికి పోయి ఏం జేస్త? లేపేది రేపు పదింటికి. బస్సు ఏడింటికే దింపుతది.”

“లేటైతే?”

“ముప్పై ఏండ్ల సంది గదే బస్సుల పోతున్న. నాకు జెప్తవా?”

“పైసలు పోతయని సీదా చెప్పరాదు! నా నెల పగారుల కెల్లి నేను పెడుత.”

“నీ పగారు ఆకాశంల పారబోసేటందుకా?”

గల్లీ అవతల బట్ట నేసే సాంచాల మోతలో మా ఇంట్లో అందరం అరిచే మాట్లాడుకుంటాం. ఆ రోజు మాత్రం మా మనవరాలు నిజంగానే అరిచింది. సిరిసిల్లలో మా చెల్లె పోయిందని అప్పుడే ఫోను వచ్చింది. ఆడమనిషి పోతే మాలో తల్లిగారి చీర కప్పందే శవాన్ని లేపరు. పుట్టింటి మనిషి తన చేత్తో కప్పాలి. మా తల్లిగారింట్లో మిగిలింది నేనొక్కదాన్నే. “పెద్దమ్మా, రేపు పదింటి దాంక ఆగుతం. అంతకు మించి కులపోళ్లు ఊకోరు” అన్నాడు చెల్లె కొడుకు.

పైసల మాటకు నాకు అంత కోపం ఎందుకు వచ్చిందంటే, అది నిజం గనక. ఆ టికెట్టుతో మా ఇంటికి రెండు నెలల కిరాణా వస్తుంది. మూడో తరగతి చదువుతో నేను వేసిన లెక్కలో తప్పు కూడా లేదు. సాయంత్రం నాలుగింటికి మా పేట పద్మనగర్‌లో నేనూ మనవరాలూ బస్సెక్కాం. దారి పొడుగునా ఆ లెక్కే మళ్లీ వేసుకున్నాను. ఎన్నిసార్లు వేసినా ఏడింటికే చేరుతున్నాను.

తెల్లారేసరికి బస్సు నాందేడ్‌కు ఇవతలే ఆగి ఉంది. ముందు ట్యాంకర్ బోల్తా పడి రోడ్డు మూసుకుపోయింది.

“ఎట్లనన్న తియ్యి బిడ్డా” అని డ్రైవరును బతిమాలాను.

“ఎట్ల తియ్యాలమ్మా? బండికి రెక్కలున్నయా?”

మోటారుసైకిళ్ల వాళ్లను ఆపి, ఎక్కించుకోమని చేతులు జోడించాను. సిరిసిల్ల ఎంత దూరమో విని ఒక్కడూ నిలవలేదు. చెల్లె కొడుకుకు ఎనిమిదింటికి ఫోను చేశాను, తొమ్మిదింటికి చేశాను. పదింటికి వాడే చేశాడు.

“పెద్దమ్మా, ఎండ ముదిరింది. ఇగ ఆపలేం.”

“ఒక్క గంట, బిడ్డా. నీ కాళ్లు మొక్కుత.”

మనవరాలు ఫోను లాక్కుని తనూ బతిమాలింది. విమానం మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి నన్ను నాలుగు మాటలన్నా బాగుండేది.

వాళ్లు ఇంకో గంట ఆగారు. పదకొండింటికి బజారులో చీర కొని, పక్కింటామె చేత కప్పించి, లేపారు. మా బస్సు పన్నెండు దాటాక కదిలింది.