ఉదయగిరి పేరు ఎవరిది

పాత మానిటర్ వేడెక్కితే వచ్చే దుమ్ము వాసన ఈమధ్య ఒక రిపేరు షాపులో తగిలింది. ఆత్మకూరు బస్టాండు వెనక మేడమీది కంప్యూటర్ సెంటరు, దాన్ని నడిపిన గ్రేసమ్మ మేడం కళ్ళముందు నిలిచారు. తొంభైల చివర్లో, డిగ్రీ కాగానే నేను అక్కడ పాఠాలు చెప్పేదాన్ని.

అప్పట్లో ఇంటర్నెట్ పేర్లకు డాట్ కామ్ లాంటి తోకలు కొన్నే ఉండేవి. అవి చాలవనుకున్న కొందరు వేర్వేరు దేశాల్లో ఉండి, సొంతంగా కొత్త తోకలు తయారుచేసి పేర్లు ఉచితంగా ఇచ్చేవారు. కంప్యూటర్లో ఒక సెట్టింగు మార్చుకున్నవాళ్ళకే అవి కనిపించేవి. అందులో మా ప్రాంతపు ఊళ్ళ పేర్లు ఎవరికివ్వాలో చూసే పనిని మేడం జీతం లేకుండా తలకెత్తుకున్నారు.

"చూసేది నలుగురే గదా మేడం, ఎందుకీ శ్రమ?" అన్నాను.

"నలుగురున్నప్పుడే పద్ధతి పెట్టుకోవాల. నలభైమంది వచ్చినాక ఎవరు వింటారు?" అన్నారు.

ఉదయగిరి పేరు తన విత్తనాల వ్యాపారానికి కావాలని మాల్యాద్రి అడిగాడు. ఉదయగిరి బడిలో మేడంతో కలిసి చదివినవాడు. మా సెంటరున్న మేడ అతనిదే. ఊరిపేరు ఎవరికీ సొంతంగా ఇవ్వకూడదని మేడం తేల్చారు. దాన్ని ఉమ్మడిగా ఉంచి, ముందు ఎవరి పేరు వాళ్ళు తగిలించుకోవచ్చన్నారు. ఈమెయిల్ రాసేద్దామన్నాను. "కాదనేటప్పుడు మొహం చూసి చెప్పాల. పద, బస్సుకు పోదాం" అన్నారు.

ఉదయగిరిలో మాల్యాద్రి మాకు మజ్జిగ తెప్పించాడు. విషయం వినగానే అతని మొహం మారింది.

"నా మేడలో ఉండి నాకే లేదంటావా గ్రేసమ్మా?"

"మేడ నీది మాల్యాద్రీ. ఊరు నీ ఒక్కడిదే కాదు గదా. ముందు 'విత్తనాలు' అని పెట్టుకో, వెనక ఊరిపేరు ఉంటాది. రేపు సైకిల్ షాపాయన వచ్చినా ఇంతే ఇస్తా."

"ఖాళీ చెయ్యమంటే?"

"చేస్తాం. ఈ మాట నువ్వు ఇంకొకరి నోట వినకూడదని వచ్చినా."

ఖాళీ చేయించాడు. మేం కంప్యూటర్లను చర్చి పక్కన గదిలోకి మార్చుకున్నాం. కొన్ని నెలలకు మాల్యాద్రే ఆ గదికి వచ్చి, "ఆ ముందు ముక్క పెట్టే ఇయ్యి" అన్నాడు. మేడం ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. కుర్చీ చూపించి, అతని ముందే టైపు చేశారు.

ఆ తోకలు ఎక్కువ కాలం నిలవలేదు. నేను మాత్రం ఇప్పుడు ఇంటర్నెట్ పేర్లు చూసే ఒక కమిటీలో జీతం లేకుండా కూర్చుంటున్నాను. ఎవరికైనా కాదనాల్సి వస్తే, నిర్ణయం బయటపెట్టక ముందే వాళ్ళకు ఫోన్ చేస్తాను. పోయినవారం ఒకాయన గట్టిగా అరిచాడు. అరవడం అయ్యేదాకా విని, ఎందుకు కాదన్నామో మొదటినుంచీ చెప్పాను.