ఏసీ మెకానిక్‌కు బదులు నేను

అమెరికా వాళ్ళ బాస్కెట్‌బాల్ మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి. "ఆ బంతి ఎన్నడన్న చేతుల పట్టుకున్నవా?" అని ఫోన్‌లో మా ఇంటిది ఎద్దేవా చేస్తుంది. పట్టుకోలేదు. పొయ్యి వెలిగించడం రానివాళ్ళు కూరలో ఉప్పెక్కువైందని అనడం లేదా?

గల్ఫ్‌కు వచ్చాక, సూర్‌లో మా కంపెనీ క్యాంపులో ఈ పిచ్చి అంటించింది మా రూములో ఉండే డ్రైవర్. పక్క ఊరివాడు, వరసకు బావ. ఒక అమెరికా ఇంజనీరును సైట్‌కు తెచ్చి, తీసుకుపోయే డ్యూటీ అతనిది. దారి పొడుగునా ఆ ఇంజనీరు ఆట ముచ్చట్లే చెప్పేవాడట. కొన్నాళ్ళకు ఆయన దేశం వెళ్ళిపోయాడు, జబ్బు మాత్రం బావలో ఉండిపోయింది. అక్కడి గురువారం రాత్రి ఆట మనకు శుక్రవారం పొద్దున, సెలవు పూట వస్తుంది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, చాయ్ గ్లాసులు పట్టుకుని అందరం చూసేవాళ్ళం.

ఇప్పటి ఆటలో నాకు గిట్టనిది దూరం నుంచి విసరడం. బుట్ట కింద తన మనిషి ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా సరే, వీడు గీత అవతలి నుంచే విసురుతాడు. అక్కణ్ణించి పడితే మూడు, దగ్గర నుంచి పడితే రెండేనట. నాకైతే గడప అవతల నిలబడి పొయ్యి మీది గిన్నెలోకి ఉప్పు విసిరినట్టుంటుంది. పడితే గొప్పే, పడకపోతే ఇల్లు ఊడ్చుకోవాలి.

ఇంకొకటి, రెస్టు. ఒంట్లో ఏ నొప్పీ లేని మొనగాడు ఇస్త్రీ కోటు తొడుక్కుని బెంచీ మీద కూర్చుంటాడు. ఎందుకయ్యా అంటే, ముందు ముందు అలిసిపోకుండా. టికెట్ కొన్నవాళ్ళు ఆ కోటును చూసి ఇంటికి పోవాలి. నేను సైట్‌లో ఒక్క పూట కోటు వేసుకుని కూర్చుంటే మా ఫోర్‌మన్ నన్ను ముందు ముందు ఎప్పటికీ అలిసిపోకుండా ఇంటికే పంపిస్తాడు.

అన్నిటికంటే వింత, మనుషులను మార్చుకోవడం. ట్రేడ్ అంటారు. ఒక టీము తన ఆటగాణ్ణి ఇంకో టీముకిచ్చి వాళ్ళవాణ్ణి తెచ్చుకుంటుంది. తూకం సరిపోకపోతే, ఇంకా ఆటలోకే రాని ఏ కాలేజీ పిల్లవాడి మీదో హక్కు కూడా కలిపి ఇస్తుంది. ఆ చలికాలం నీలం చొక్కా టీములో ఏళ్ళ తరబడి ఆడినవాణ్ణి అలాగే ఇచ్చేశారు. వాడికి ఆ సంగతి ఫోన్‌లో తెలిసిందట, మైకుల ముందు కళ్ళు తుడుచుకున్నాడు. నేను నవ్వాను. "గంత జీతం తీస్కుంట ఏడ్సుడేంది? ఏ ఊరైతేంది, బుట్ట అదే గద" అన్నాను. అందరూ నా మాటకే తలూపారు.

తర్వాత ఎండాకాలం వచ్చింది. మా రూము ఏసీ ట్రాక్టర్‌లా మోగేది, గాలి మాత్రం చాయ్ మీద ఊదినంత. ఎదురు రూములో కడప నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ ఉన్నాడు. మేం భాయ్ అంటాం. కానీ ఆ రూముకు పెద్ద, గోదావరి జిల్లా స్టోర్‌కీపర్. ఆయన భాయ్‌ని మా గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఒకప్పుడు మేము వాళ్ళ కుక్కర్ అడిగి తెచ్చుకుని విజిల్ లేకుండా తిరిగిచ్చాం, ఆ కోపం. "మా మెకానిక్ మాకేనండీ" అనేవాడు.

మా రూములో వంట నాదే. ఒక శుక్రవారం చేపల మార్కెట్ నుంచి వంజరం చేప తీసుకుని వచ్చేసరికి నా పెట్టె వరండాలో ఉంది. పక్కనే బావ.

"బావా, నిన్ను ట్రేడ్ చేసిన" అన్నాడు.

"ఏం జేసినవ్?"

"నువ్వు గా రూములకు పోతవ్, భాయ్ ఈ రూములకు వస్తడు. నువ్వు వంటోనివి, నీకు రేటెక్కువ. గందుకే వాళ్ళల్ల లీవుకు పొయ్యొచ్చెటోడు ఇంటి కాడికెల్లి తెచ్చే మొదటి మామిడికాయ తొక్కు డబ్బ గూడ మాకే అని మాట్లాడిన."

"నన్ను అడగకుండనే?"

"ఆడ అడుగుతున్నరా?" అని బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్ వైపు చూపించాడు.

నేను చేపతో లోపలికి పోబోయాను. స్టోర్‌కీపర్ అడ్డం వచ్చాడు. "చేప కూడా ఇటేనండీ. మనిషి చేతిలో ఏముంటే అది మనిషితోనే."

కొత్త రూములో నన్ను ఎవరూ కష్టపెట్టలేదు. ఏసీ కింద మంచం ఇచ్చారు. పులుసు తిని "అదిరిందండీ, ఒక్క బెల్లం ముక్క పడుంటేనా" అనేవాడు స్టోర్‌కీపర్. రోజూ అదే మాట. పొద్దున చాయ్ పట్టుకుని అలవాటు మీద పాత రూము గడప దాకా పోయేవాణ్ణి. నా చోటులో భాయ్ కూర్చుని ఉండేవాడు. అందరూ దేనికో నవ్వుతుండేవాళ్ళు. ఆ నవ్వు దేనికో నాకు తెలిసేది కాదు. కళ్ళు తుడుచుకున్న ఆటగాడు అప్పుడు గుర్తొచ్చాడు. బుట్ట అదే. పక్కన ఉండేవాళ్ళే వేరు.

అక్కడ భాయ్‌కి వచ్చిన వంట ఒక్కటే, ఖట్టీ దాల్ అనే పుల్లటి పప్పు. రూము ఊటీలా చల్లబడింది, మా బావ బుగ్గలు లోపలికి పోయాయి. ఇక్కడ మాకు కడుపు నిండా తిండి ఉన్నా, ఏసీ గడ్డకట్టి స్టోర్‌కీపర్ దిండు మీద బొట్టు బొట్టుగా కారసాగింది. భాయ్‌ని ఒకసారి పంపమంటే మా బావ వరండాలో నిలబడి, "మా మెకానిక్ మాకేనండీ" అని ఆయన యాసలోనే బదులిచ్చాడు.

అలా ఒక శుక్రవారం. నీలం చొక్కా వదిలిపోయినవాడు కొత్త చొక్కాతో పాత ఊళ్ళో ఆడటానికి వచ్చాడు. ఆ ఆట పాత రూములోనే చూడాలనిపించింది. ఉత్త చేతులతో పోలేక చేపల పులుసు గిన్నె పట్టుకుని పోయాను. గడపలో కాలు పెట్టేసరికి ఫోన్‌లో ఊరంతా లేచి నిలబడి వాడికి చప్పట్లు కొడుతోంది. మా బావ తల తిప్పి చూశాడు. లేచాడు. భాయ్ కూడా లేచాడు. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. అది గిన్నెకేనని నాకు తెలుసు. అయినా చప్పట్లు అయ్యేదాకా గిన్నె కింద పెట్టలేదు.

రెండో ముద్ద మీద ఉండగా భాయ్ అన్నాడు, "ఒక మాట చెప్పాలబ్బా. ఏసీ బాగు చేసేకి ఆ రూములోనే పండుకోవల్నా? స్క్రూడ్రైవర్ ఎత్తుకోని పోయి చేసొస్తా గదా. రెండు రూములదీ చేస్తా."

"మరి ఇన్నొద్దులు చెప్పవైతివి?" అన్నాడు బావ.

"నన్ను ఎవరడిగినారు?"

బావ ఒక ముల్లు ఏరి పక్కన పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "బావా, మల్ల ఇటు వస్తవా?" అన్నాడు. అతను నన్ను అడగడం అదే మొదటిసారి.

"ఆలోచిస్త. నేను ఆలోచించెటాల్లకు గిన్నెలు కడుగు" అన్నాను.

కడిగాడు. నా పెట్టె తనే మోసుకొచ్చాడు. భాయ్ తన మంచానికి తను పోయాడు, పోతూ పోతూ మిగిలిన పులుసు పట్టుకుపోయాడు. స్టోర్‌కీపర్ గడపలో నిలబడి, లెక్క ప్రకారం తొక్కు డబ్బా హక్కు కూడా వెనక్కి రావాలన్నాడు.

"గది రాదు" అన్నాడు మా బావ. "కుక్కర్ విజిల్ లెక్కనే."