ఐదు నిమిషాలు వదిలిన కొళాయి

నీటి శాఖలో ఆయన్ని అందరూ బుడ్డి బాబాయి అనేవారు. అపార్థం చేసుకోనక్కర్లేదు, ఆయన పట్టిన బుడ్లలో ఉండేది నీరే. ఇరవై రెండేళ్లుగా ఇంటింటి కొళాయి దగ్గరా నమూనాలు పట్టి పరీక్షకు పంపడం ఆయన ఉద్యోగం. కొళాయి తిప్పి, గడియారం చూస్తూ ఐదు నిమిషాలు నీరు వదిలేసి, ఆరో నిమిషంలో బుడ్డి నింపేవాడు. నియమావళి అలాగే చెప్పింది. దాన్ని రాసిన మహానుభావులకు పొద్దున్నే దాహం వేసేది కాదు కాబోలు.

ఊరికి వచ్చేది సముద్రపు నీరు. ఉప్పు తీసేశాక అందులో కాస్త సున్నం కలపాలి. లేకపోతే అది దారిలో గొట్టాలను కొరుక్కు తింటుంది. సున్నం కలిపే యంత్రం మూలపడి మూడేళ్లయింది. దాని ఫైలు మాత్రం ఏటా ఒళ్లు చేస్తోంది.

"ఉప్పు తీసేసిన నీళ్లకి విశ్వాసం ఎక్కడుంటుందిరా?" అనేది పాత వీధిలో ఉండే ఆయన అక్క.

ఆ వీధి ఇళ్లకు సీసపు గొట్టాలు. అక్కకున్న ఏడాది నిండని మనవరాలి రక్తంలో సీసం ఉందని డాక్టరు చెప్పాడు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లతోనే కోడలు పొద్దున్నే పాలపొడి కలిపేది.

వీధి గొట్టాలు మార్చాలంటే ఒక్క నమూనా అయినా పరీక్షలో తప్పాలి. బాబాయి తెల్లవారగానే అక్క ఇంటికి వెళ్లి, జన్మలో మొదటిసారి, తిప్పీ తిప్పగానే కొళాయి కింద బుడ్డి పెట్టాడు. హద్దుకు తొమ్మిది రెట్లు సీసం తేలింది. ఆ ఫలితాన్ని పై అధికారి వెంటనే తిప్పి పంపాడు: "నియమం ప్రకారం పట్టలేదు. చెల్లదు."

"పసిపిల్ల తాగేది ఆ నీళ్లేనండీ," అన్నాడు అధికారితో.

"పిల్లకి నియమావళి లేదు బాబాయ్, మీకుంది. ఐదు నిమిషాలు వదలడం తప్పంటే మీ ఇరవై రెండేళ్ల సంతకాలు ఏమైపోవాలి?"

బాబాయి ఇంకో ఖాళీ బుడ్డి తీసుకుని మళ్లీ అక్క ఇంటికి బయల్దేరాడు.

రెండోసారి అధికారి పక్కనే నిలబడ్డాడు. కొళాయి పారుతుంటే అక్క కింద బకెట్టు పెట్టింది.

"మొదటి నీళ్లు మాకు, కడిగిన గొట్టం నీళ్లు నీ బుడ్డికా? ఇదెక్కడి న్యాయంరా తమ్ముడూ?"

ఆయన గడియారం మీంచి తల ఎత్తలేదు.

వారానికల్లా వీధి మొదట్లో కాగితం అంటించారు: "నీరు శ్రేష్ఠం." కింద ఆయన సంతకం. అక్క ఇంట్లో ఇప్పుడు రోజూ ఐదు నిమిషాలు నీరు వదులుతున్నారు. పిల్ల ఒంట్లో చేరింది చేరినట్టేనన్నాడు డాక్టరు.

ఒక పొద్దున బాబాయి అక్క ఇంట్లో ఉండగా, పక్కింటి బాలింత కొళాయి తిప్పి, వెంటనే దాని కింద పాలబుడ్డి పెట్టింది. బాబాయి గోడ మీంచి కేక వేశాడు.

"అమ్మా, ఐదు నిమిషాలు వదలండి!"

"ఎందుకండీ బాబాయిగారూ? బాగున్నాయని మీరేగా సంతకం పెట్టారు!" అంటూ ఆమె మూత బిగించింది.