చిన్నాన్న కొట్టిన లాడాలు

"ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగాడు విచారణాధికారి. నేనే రాశానన్నాను. రాసినదంతా నిజమేనా, కొంత కల్పించావా అన్నది రెండో ప్రశ్న. బల్లకి అవతల మా చిన్నాన్న ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూడటం లేదు. "కల్పన ఏమీ లేదండీ. ప్రతి మాటా నిజమే" అన్నాను. పక్కనున్న గుమాస్తా ఆ మాట రాసుకుని సంతకానికి కాగితం నా ముందుకి తోశాడు. ఇరవై తొమ్మిదేళ్ళు రైల్వే కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి ఉద్యోగం ఆ సంతకంతో పోయింది.

పోయిన నెల ఒక గుర్రాల సంరక్షణశాల నడుపుతున్న అమ్మాయి ఫోన్ చేసి, తమ సంచికకి హాయిగా ఉండే జ్ఞాపకం ఏదైనా రాసిమ్మంది. నాది ఖరగ్‌పూర్ అనీ, ఒకప్పుడు అక్కడ అలాంటిది ఉండేదనీ ఎవరో చెప్పారట. రెండు రోజులు కూర్చున్నాను. ఎటునుంచి మొదలుపెట్టినా ఆ విచారణ గదిలోకే వెళ్తున్నాను. చివరికి ఆమెకి వేరే ఏదో రాసి పంపాను. ఇది ఆమె అడిగింది కాదు.

అరవైల్లో మా ఊళ్ళో సైకిల్ రిక్షాలు పెరిగి టాంగాలు తగ్గిపోయాయి. టాంగా మానేసినవాడు చక్రాలకి గిరాకీ ఉందని చక్రాలు అమ్మేవాడు, గుర్రాన్ని మాత్రం నిమ్‌పురా వైపు తోలి వదిలేసేవాడు. అవి అక్కడి రైల్వే యార్డు పక్కన బొగ్గుబూడిదలో, కంకరలో గడ్డి వెతుక్కుంటూ తిరిగేవి. ఒక చలికాలం పొద్దున్నే షంటింగ్ ఇంజను ఒకదాన్ని కొట్టేసింది. డ్యూటీకి వెళ్తున్న నర్సత్త ఆ గుర్రం ప్రాణం పోయేదాకా దాని తల దగ్గర కూర్చుందట. ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళినందుకు మాట పడి, ఆ సాయంత్రమే ఇంకో గుర్రాన్ని మెడకి చీర ముక్క కట్టి ఇంటికి నడిపించుకొచ్చింది. ఆమె మా పక్క క్వార్టరులో ఉండే క్రైస్తవురాలు, కాకినాడ వైపు మనిషి, భర్త పోయినావిడ. మాకు చుట్టరికం ఏమీ లేదు. వీధి వీధంతా అత్త అనేది. అబద్ధం అనేది ఆమె నోట విన్నవాళ్ళు లేరు. జ్వరంతో ఉన్నవాడు "తగ్గిపోతాదా అత్తా?" అని అడిగితే, "తగ్గకపోవచ్చు, పడుకో" అనేది.

పెరట్లో మూడు గుర్రాలు చేరేసరికి ఇరుగుపొరుగు గొడవ పడ్డారు. యార్డు అవతల పాడుబడ్డ షెడ్డు ఒకటుంటే, ఎవరూ కాదనకపోవడాన్నే అనుమతిగా తీసుకుని అక్కడికి మార్చింది. సుభాష్‌పల్లి హోమియోపతి డాక్టరుగారు ప్రెసిడెంటుగా కమిటీ ఏర్పడింది. మేమంతా డాక్టర్‌దాదా అనేవాళ్ళం. మనుషులకిచ్చే తెల్ల మాత్రలే గుర్రాలకీ ఇచ్చేవాడు, కాకపోతే గుప్పెడు ఇచ్చేవాడు. "గుర్రాలే నయం, మాత్ర మింగాక ఎదురు ప్రశ్న వెయ్యవు" అనేవాడు బెంగాలీలో. ఖరిదా బజారులో కూరలమ్మే ఆడవాళ్ళు ముల్లంగి ఆకులు, కాబేజీ పైరెక్కలు గోనెలో కట్టి ఉంచేవారు. ఖరిదాలోనే టైపు నేర్పే పని నాది. ఒక తెలుగు పత్రికకి వార్తలు కూడా పంపుతుండేవాణ్ణి. అందుచేత కమిటీ కాగితాల పనంతా నాదే.

ఇంతమంది ఉన్నా గుర్రాల్ని నిలబెట్టింది చిన్నాన్న. నిలబెట్టిందనేది మాట వరసకి కాదు. ఆ కంకర మీద తిరిగి తిరిగి వాటి గిట్టలు పగిలి, కొన్ని లేవలేకుండా ఉండేవి. చిన్నాన్న రైల్వే వర్క్‌షాపులో కమ్మరి మిస్త్రీ. నాన్న పోయాక నన్ను పెంచినవాడు. డ్యూటీ దిగి తిన్నగా షెడ్డుకి వచ్చి, గిట్ట చెక్కి, చిన్న కొలిమిలో ఇనుము కాల్చి లాడం వంచేవాడు. వేడి లాడం గిట్టకి ఆనగానే వెంట్రుకలు కాలిన వాసన, పసుప్పచ్చని పొగ లేచేవి. "ఊరుకో తల్లీ, ఇదేటి, పెళ్ళికూతురికి మెట్టెలు తొడిగినట్టే" అంటూ మేకు దిగ్గొట్టేవాడు. లాడం తొడిగిన గుర్రం మొదటి అడుగు జంకుతూ వేసి, రెండోది నమ్మకంగా వేసేది. అది చూసి బీడీ ముట్టించేవాడు. పొగడ్త వినే అలవాటు లేదు.

ఇనుము వర్క్‌షాపుదే. కోయగా మిగిలి చెత్తకుప్పలోకి పోయే పట్టీ ముక్కలు. అన్నం కేరేజీ అడుగు గిన్నెలో పెట్టుకుని తెచ్చేవాడు. చెత్తయినా సర్కారుదే, గేటు దాటించకూడదన్న సంగతి అతనికి తెలుసు, అత్తకి తెలుసు, నాకూ తెలుసు.

పత్రిక ఆదివారం సంచికకి షెడ్డు గురించి రాస్తానన్నప్పుడు చిన్నాన్న ఒక్కటే అడిగాడు. "నా పేరు రాయకురా." రాయలేదు. "ఒక కమ్మరి మిస్త్రీ" అని రాశాను. ఆ తర్వాత, అన్నం మోసుకెళ్ళిన కేరేజీ సాయంత్రం ఇనుము మోసుకొస్తుందని, రైలు పెట్టె కింద ఉండాల్సిన ఇనుము గుర్రం కాలికింద మోగుతోందని రాశాను. అచ్చయ్యాక చదివి వినిపిస్తే చిన్నాన్న బీడీ ఆర్పేసి, "ఆ కేరేజీ మాట ఏల?" అన్నాడు.

"అదే అందం చిన్నాన్నా."

"అందవేటో! నువ్వు సదువుకున్నోడివి" అని లేచిపోయాడు.

ఇక్కడితో ఆగినా ఏమీ అయ్యేది కాదు. తెలుగు పత్రిక ఆఫీసరుగారి బల్ల మీదకి ఎందుకు వెళ్తుంది? మేమే పంపాం. షెడ్డుకి పక్కా అనుమతి కోసం రైల్వేకి దరఖాస్తు పెడుతూ, మన మంచిపేరుకి రుజువుగా ఉంటుందని డాక్టర్‌దాదా ఆ వ్యాసాన్ని జత చెయ్యమన్నాడు. ఇంగ్లీషు అనువాదం నేనే చేశాను. మూడు ప్రతులు టైపు కొట్టాను. కేరేజీ వాక్యం ఇంగ్లీషులోనూ బాగా కుదిరిందని మురిసిపోయాను. అత్త చదివి బాగుందంది. ముగ్గురం చదివాం, ముగ్గురికీ గుర్రాలే కనబడ్డాయి. అవతలివాళ్ళకి గేటు కనబడింది. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు, కాగితం చేతికిస్తే చదవకుండా ఎలా ఉంటారు?

షెడ్డులో లాడాలు కొట్టే మిస్త్రీ ఒక్కడే కాబట్టి పేరు లేకపోయినా వెతుక్కోనక్కర్లేకపోయింది, చిన్నాన్నకి చార్జిషీటు వచ్చింది. పింఛనుకి నాలుగేళ్ళు ఉంది. ఉద్యోగం పోతే క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. గేటు దగ్గర పట్టుకున్నవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు. ఉన్నదల్లా నా వ్యాసం. విచారణ ముందు రోజు చిన్నాన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఒరే, కత బాగుండాలని రంగు పూసినానని సెప్పెయ్. నీకు పోయేదేటుంది?" అన్నాడు. నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

పోయేది ఉందనుకున్నాను. నన్ను ఆఫీసులోకి తీసుకోవచ్చునని సంపాదకుడు వారం క్రితమే ఉత్తరం రాశాడు. రాసినదాన్ని కాదనకూడదన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. కల్పించి రాశానని ఒక ఆఫీసు కాగితం మీద సంతకం పెడితే ఆ ఉత్తరం చెల్లదనిపించింది. ఇవి నేను తర్వాత కూడదీసుకున్న కారణాలు. ఆ గదిలో మాత్రం, నా వాక్యాన్ని కల్పన అంటారా అని రోషం వచ్చింది. అంతే.

నాకంటే ముందు అత్తని పిలిచారు. ఇనుము గోల్ బజారులో కొన్నదని, తానే కొన్నానని, ఆ పత్రిక కుర్రవాడికి గొప్పలు రాసే అలవాటుందని ఆమె తడబడకుండా చెప్పిందట. నేను చెప్పి బయటికి వచ్చాక వరండాలో నన్ను ఆపింది.

"నేను అబద్ధం ఆడినాను, దేవుడికి చెప్పుకుంటాను. నువ్వు నిజం చెప్పినావు గదా, నువ్వెవరికి చెప్పుకుంటావురా?"

నెల తిరగకముందే చిన్నాన్నని ఉద్యోగంలోంచి తీసేశారు. చిన్నాన్నవాళ్ళు క్వార్టరు వదిలి సుభాష్‌పల్లిలో ఒంటిగది ఇంటికి మారారు. కమిటీకి మచ్చ రాకూడదని డాక్టర్‌దాదా అతని పేరు కొట్టేయించాడు. ఆ తీర్మానం కూడా నేనే టైపు కొట్టాను. చిన్నాన్న మాత్రం షెడ్డుకి రావడం మానలేదు. అత్త ఈసారి నిజంగానే గోల్ బజారులో కొన్న ఇనుముతో లాడాలు కొట్టాడు. అక్కడ నాతో మాట్లాడింది రెండే మాటలు. "ఎడం కాలట్టుకో", "ఒగ్గీ". పట్టుకునేవాణ్ణి, వదిలేసేవాణ్ణి.

ఊరు విడిచి వెళ్ళిపోయే ముందు, పై అధికారికి అప్పీలు పెడదామని నేనే అడిగాను. అప్పటికి పత్రికలో ఉద్యోగం ఖాయమైంది. కల్పించి రాశానని ఇప్పుడు సంతకం చేసి ఇస్తానన్నాను. చిన్నాన్న నా మొహంలోకి చూశాడు. "అప్పుడు నిజమన్నావు, ఇప్పుడు అబద్దవంటావు. నీ మాట ఎవులు నమ్ముతారురా? ఉన్న ఆ ఒక్క మాటా సెడగొట్టుకోకు" అన్నాడు. దయతో అన్నాడో, వెటకారంగా అన్నాడో ఇన్నేళ్ళ పత్రికా ఉద్యోగంలో మనుషుల మాటలు వడగట్టడం నేర్చుకుని కూడా తేల్చుకోలేకపోయాను. నా సంతకం లేకుండానే అప్పీలు వెళ్ళింది.

గుర్రాలు ఒక్కొక్కటే పోయాయి. అత్త రిటైరై చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. షెడ్డు అనుమతి దరఖాస్తు సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. చిన్నాన్న పోయి కూడా చాలా ఏళ్ళయింది. కాలం అన్నిటినీ తేల్చేస్తుందంటారు. అది చాలాసార్లు మనుషుల్ని తీసేసి కాగితాల్ని ఉంచుతుంది. చిన్నాన్న ఉండగానే, అప్పీలు అందిందనీ, పరిశీలనలో ఉందనీ రెండు వరుసల కార్డు ఒకటి సుభాష్‌పల్లి ఇంటికి వచ్చింది. దాని తర్వాత ఏమీ రాలేదు.